ఎర్రమట్టి దిబ్బలు దేనికి ఉదాహరణ? ‘ఎపిటమైజ్’ మీద ఒక ఎస్‌ఓపీ కేస్ స్టడీ

విదేశీ యూనివర్సిటీలకు పంపే ఎస్‌ఓపీలు (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పే ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’లు), జర్నళ్లకు పంపే రీసెర్చ్ పేపర్లు దిద్దడం నా పని. విశాఖ మద్దిలపాలెంలో చిన్న ఆఫీసు. వచ్చేవాళ్లలో ఇంజినీరింగ్ పిల్లలే ఎక్కువ. సైన్స్ పీజీ చేసినవాళ్లు అప్పుడో ఇప్పుడో వస్తారు. వాళ్ల డ్రాఫ్టులంటే నాకు కాస్త పక్షపాతం. ఇంగ్లిష్ ఎలా ఉన్నా, చెప్పడానికి వాళ్ల దగ్గర సొంత సరుకు ఉంటుంది. ఈ కేసులో అమ్మాయిది భీమిలి. ఎం.ఎస్‌సీ. జియాలజీ అయిపోయింది, తీరప్రాంత భూస్వరూపాల మీద బయట మాస్టర్స్ చేయాలని అప్లై చేస్తోంది. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. వాక్యాలు మాత్రం ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను.

డ్రాఫ్టు బాగానే ఉంది. వాళ్ల ఊరికి దగ్గర్లోని ఎర్రమట్టి దిబ్బల మీద చేసిన డిసర్టేషన్ గురించి రాసింది. చిక్కల్లా ఒక్క క్రియతో. ‘ఎపిటమైజ్’ (దేనికైనా పరిపూర్ణమైన ఉదాహరణగా నిలవడం) అన్న మాట పేజీ తిప్పినప్పుడల్లా తగులుతోంది. ఉన్నవి ఉన్నట్టు కొన్ని:

“ఎర్రమట్టి దిబ్బలు ఆర్ ఎపిటమైజింగ్ ఆఫ్ ఆంధ్రా కోస్ట్.”

“రెయిన్ ఎరోజన్ ఎపిటమైజెస్ ది దిబ్బలు.”

“ది రాక్స్ ఆఫ్ డాల్ఫిన్స్ నోస్ ఎపిటమైజ్ టు ఖోండలైట్.” (డాల్ఫిన్స్ నోస్ విశాఖలోని కొండ, ఖోండలైట్ ఒక రకం రాయి.)

ఆఖరి పేరాలో, “ఐ యామ్ ఎపిటమైజింగ్ హార్డ్ వర్క్.”

వీటిని ఏ గ్రామర్ చెక్కర్‌లో వేసినా సగం బాగుపడతాయి. ‘ఇంగ్’ తీసేస్తుంది, ‘ఆఫ్’, ‘టు’ తీసేస్తుంది. అప్పుడు మొదటి వాక్యం “ఎర్రమట్టి దిబ్బలు ఎపిటమైజ్ ది ఆంధ్రా కోస్ట్” అవుతుంది. వ్యాకరణంలో వంక పెట్టడానికి లేదు. కానీ అబద్ధం. తప్పులున్న వాక్యాన్ని తప్పుల్లేని అబద్ధంగా మార్చి ఇవ్వడం ఎడిటింగ్ కాదని నా అభిప్రాయం. జియాలజీ ప్రొఫెసర్ల కమిటీ చదివే కాగితంలో అయితే అది మరీ ప్రమాదం. ‘ఆఫ్’ ఎక్కువైతే వాళ్లు క్షమిస్తారు. ఆంధ్ర తీరమంతా ఎర్ర దిబ్బలేనన్నట్టు రాస్తే ఈ పిల్లకి తన ప్రాంతమే తెలియదనుకుంటారు.

మాట ఎక్కడిది?

అడిగితే దాచకుండా చెప్పింది. ఐఎల్ట్స్ కోచింగ్‌లో ఇచ్చిన పదాల షీటు. ఆ సెంటర్ పేరు మనకు అనవసరం, ద్వారకానగర్ చుట్టుపక్కల ఇలాంటి షీట్లు చాలానే చేతులు మారుతుంటాయి. అందులో ఒక వరసలో ‘ఎగ్జెంప్లిఫై, టిపిఫై, ఎపిటమైజ్, ఎంబాడీ, పర్సానిఫై’ అని ఐదూ కుప్పగా పోసి, ఎదురుగా ‘ఉదాహరణగా నిలుచు’ అని ఒకే అర్థం రాశారు. ఐదింటిలో ఏది గంభీరంగా వినిపిస్తే అది ఏరుకోవడమే ఇక మిగిలింది. ఈమె చెవికి ‘ఎపిటమైజ్’ నచ్చింది.

షీటు వేసినవాళ్లకూ వాళ్ల లెక్క ఉంది. ఐఎల్ట్స్ రైటింగ్‌కి నాలుగు కొలతలు, నాలుగూ సమానం. అడిగినదానికి జవాబు చెప్పారా, రాసింది ఒక దారిలో నడిచిందా, పదసంపద, వ్యాకరణం. పదసంపద దగ్గర బ్యాండ్ 7 కావాలంటే అంతగా వాడుకలో లేని మాటలు కొన్ని వాడాలి, ఏ మాట ఎక్కడ ఇముడుతుందో కొంత ఎరుక కూడా కనపడాలి. అదే ప్రయత్నం చేసి మాట అతకకపోతే అది బ్యాండ్ 6 వర్ణన. కోచింగుల్లో ఇందులో మొదటి సగమే పిల్లల చెవిన పడుతుంది. 40 నిమిషాల్లో 250 మాటలు రాయాల్సిన పరీక్షలో అది కొంతవరకు నెగ్గుకొస్తుందేమో. ఎస్‌ఓపీ పరీక్ష పేపరు కాదు. దాన్ని చదివేవాళ్లు మాటల బరువు తూచరు, చెప్పింది నిజమా అని చూస్తారు.

వ్యాకరణం సంగతి

ఇది త్వరగా ముగిద్దాం. ఈ క్రియలన్నీ నేరుగా కర్మను తీసుకుంటాయి, మధ్యలో ‘ఆఫ్’, ‘టు’, ‘ఫర్’ ఏవీ రావు. ‘ఆఫ్’ ఎక్కడినుంచి దూరుతుందంటే దగ్గరి చుట్టాల నుంచి. ‘ఎగ్జాంపుల్ ఆఫ్’, ‘టిపికల్ ఆఫ్’, ‘ఎపిటమీ ఆఫ్’ అన్నీ సరైనవే, ఎందుకంటే అవి నామాలు, విశేషణాలు. క్రియ దగ్గరికి వచ్చేసరికి ఆ ‘ఆఫ్’ రాలిపోవాలి. ‘టు’ మాత్రం అచ్చంగా మనదే. “దేనికి ఉదాహరణ?” అని అడుగుతాం, ‘ఖోండలైట్‌కి’ అంటాం. ఆ ‘కి’ వెళ్లి ఇంగ్లిష్‌లో ‘టు’గా కూర్చుంటుంది.

‘ఇంగ్’ కూడా మన దగ్గర్నుంచి వెళ్లిందే. పేపర్లలో రోజూ చదివే “నిదర్శనంగా నిలుస్తోంది”, “అద్దం పడుతోంది” అన్నవి ఆ పిల్ల చెవిలో ఉన్నాయి. తెలుగులో ఆ ‘స్తోంది’ సహజం. ఇంగ్లిష్‌లో ఉదాహరణగా ఉండటం జరుగుతున్న పని కాదు, ఉన్న స్థితి. అందుకే ఆ అర్థంలో ఈ క్రియలు మామూలుగా సాదా వర్తమానంలోనే ఉంటాయి.

అన్నిటికంటే నా దృష్టి పడింది రెండో వాక్యం మీద. “రెయిన్ ఎరోజన్ ఎపిటమైజెస్ ది దిబ్బలు.” ఇది తలకిందులైంది. వానకోతకు దిబ్బలు ఉదాహరణ కావాలిగాని దిబ్బలకు వానకోత ఉదాహరణ కాదు. ఆమెకు విషయం తెలియక కాదు. తెలుగులో “దిబ్బలు వానకోతకు ఉదాహరణ” అన్నా, “వానకోతకు దిబ్బలు ఉదాహరణ” అన్నా ఒకటే, ఎందుకంటే పని చేసేది ‘కు’, మాట ఏ చోట ఉందన్నది కాదు. ఇంగ్లిష్‌లో చోటే సర్వస్వం. ఉదాహరణ ముందు రావాలి, అది చెందే కోవ తర్వాత రావాలి. కోవతోనే మొదలుపెట్టాలనిపిస్తే కర్మణి ప్రయోగం ఉండనే ఉంది, ‘ఈజ్ ఎగ్జెంప్లిఫైడ్ బై’ అని. వెనక్కి తిప్పుకోవడానికి అదొక్కటే దారి. ఈ సంగతి చెప్పాక ఆ రకం తప్పు ఆమె రాతలో మళ్లీ కనపడలేదు.

రాయి బల్ల మీదికొచ్చింది

అసలు పని ఇక్కడ మొదలైంది. వాక్యాలు పక్కన పెట్టి తెలుగులో మాట్లాడుకుందామన్నాను. “డాల్ఫిన్స్ నోస్ రాయి ఖోండలైట్‌కి ఉదాహరణ అన్నావు కదమ్మా. ఎలాంటి ఉదాహరణ? గొప్పదా, మామూలుదా?”

ఆమె బ్యాగులోంచి గుప్పెడంత రాయి తీసి బల్ల మీద పెట్టింది. ఫీల్డ్‌కి వెళ్లినప్పుడు తెచ్చుకున్నదట. పైపొర తుప్పురంగుకు తిరిగి, గోటితో గీస్తే పొడి రాలేంత వదులుగా ఉంది. విరిగిన వైపు తిప్పి చూపించింది. తెల్లగా సూదుల్లా ఉన్నది సిల్లిమనైట్, మధ్యలో ముదురెరుపు చుక్కలు గార్నెట్, మిగతాది క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్.

“గొప్పేటి మేడమ్,” అంది. “కైలాసగిరి మీద తీసినా ఇదే, సింహాచలం కొండ మీద తీసినా ఇదే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే సరిపోదా? ఇదీ అంతే.”

సంస్కృతంలో దీన్నే స్థాలీపులాక న్యాయం అంటారు. కుండలోని మెతుకు ఒకటి పట్టుకుంటే కుండంతా తెలుస్తుంది. ఆ మెతుకులో ప్రత్యేకత ఏమీ ఉండకూడదు. ఉంటే అది పనికిరాదు. ‘టిపిఫై’ చెప్పేది సరిగ్గా ఈ మాటే. ఇది మిగతావాటిలాంటిదే, అందుకే మిగతావాటి తరఫున దీన్ని చూడవచ్చు అని. ఎపిటమైజ్ చెప్పేది దాదాపు ఎదురు మాట. ఈ గుణం ఇంత నిండుగా, ఇంత చిక్కగా మరెక్కడా కనపడదు అని. మామూలు రాయికి ఆ కిరీటం పెడితే జియాలజిస్టు నవ్వుతాడు.

ఎగ్జెంప్లిఫై ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. మామూలుదా గొప్పదా అన్నది దానికి పట్టదు. ఒక సూత్రాన్నో ఒక కోవనో కంటికి కనపడేలా చూపిస్తే చాలు. అందుకే మనుషులు కూడా కర్తగా రావచ్చు, రచయిత ఒక వాదనను ఉదాహరణతో ఎగ్జెంప్లిఫై చేయవచ్చు. కోర్టు ఇంగ్లిష్‌లో ‘ఎగ్జెంప్లిఫికేషన్’ అంటే రికార్డుకు సీలు వేసి ఇచ్చే అధికారిక నకలు. అసలుకు నమ్మకమైన ప్రతి అన్న అర్థం అందులోనూ ఉంది. నన్నడిగితే ఏది వాడాలో తేలనప్పుడు ఎగ్జెంప్లిఫైకి పొమ్మంటాను, అది తక్కువ ప్రమాదం తెచ్చే మాట. షీటులోని మిగతా రెండింటిని, ఎంబాడీ, పర్సానిఫైలను, ఈమె డ్రాఫ్టులో వాడనేలేదు కాబట్టి వదిలేశాం. అవి ఎక్కువగా గుణాలకు, మనుషులకు. రాళ్లకు పర్సానిఫై పెడితే కవిత్వం అవుతుంది.

సరే, మూడో వాక్యానికి ‘టిపిఫై’ ఖాయం అనుకున్నాం. అక్కడే ఇంకో మెలిక తగిలింది, అది ఆమె సబ్జెక్టులోనిదే.

ఖోండలైట్ అన్న పేరు తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చింది. 1902లో టి.ఎల్.వాకర్ కలహండి ప్రాంతపు భూగర్భశాస్త్రం మీద రాస్తూ ఆ పేరు పెట్టాడు. అంటే ఆ రాయికి పుట్టిల్లు ఒడిశా వైపు. జియాలజీలో ‘టైప్ లొకాలిటీ’ అని ఒకటుంటుంది, ఒక శిలకు పేరు పెట్టేటప్పుడు ఆధారంగా తీసుకున్న చోటు. చార్నొకైట్‌కి చెన్నై దగ్గరి సెయింట్ థామస్ మౌంట్ అలాంటి చోటు. ఆ పేరేమో కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధి రాయి వల్ల వచ్చింది. వృక్షశాస్త్రంలో ‘టిపిఫికేషన్’ అంటే ఒక జాతి పేరును ఒక నమూనాకు కట్టిపడేయడం. జంతుశాస్త్రంలోని హోలోటైప్ కూడా పేరు మోసే నమూనాయే, అది ఆ జాతిలో సగటు జీవి కానక్కర్లేదు, అవిటిదైనా కావచ్చు. ఆ శాస్త్రాల్లో ‘టైప్’ అంటే మెతుకు కాదు, పేరుకు ఆధారపత్రం.

కాబట్టి డాల్ఫిన్స్ నోస్ ఖోండలైట్‌ను ‘టిపిఫైస్’ అని ఒక జియాలజీ విద్యార్థిని రాస్తే, చదివే ప్రొఫెసరు ఒక్క క్షణం ఆగి, టైప్ లొకాలిటీ అంటోందా అని అనుమానపడే వీలుంది. నిఘంటువు ప్రకారం మాట సరైనదే, ఆ గదిలో మాత్రం కాదు. చివరికి క్రియ జోలికే పోలేదు. “ది రాక్స్ ఆఫ్ డాల్ఫిన్స్ నోస్ ఆర్ టిపికల్ ఆఫ్ ది ఖోండలైట్ హిల్స్ అరౌండ్ విశాఖపట్నం” అని రాశాం. చాలా సాదా వాక్యం. షీటు ఇచ్చిన సెంటరు దీనికి మార్కులు వేయకపోవచ్చు.

దిబ్బలు దేనికి ఉదాహరణ?

ఇప్పుడు మొదటి వాక్యం. “ఎర్రమట్టి దిబ్బలు ఆంధ్ర తీరానికి ఉదాహరణ” అంటే ఒప్పుకోవచ్చా? విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన సుమారు 5 కిలోమీటర్ల పొడవున, 200 మీటర్ల నుంచి 2 కిలోమీటర్ల వెడల్పున ఉన్న ఇసుక మేటలివి. 2014లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వీటిని భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. గుర్తింపు ఎందుకొచ్చిందంటే, ఇలాంటివి అరుదు కాబట్టి. దక్షిణాసియాలో వీటితో పోల్చేది తమిళనాడులో ‘తేరి’ అనే ఎర్ర ఇసుకలను, శ్రీలంక తీరంలోని ఎర్ర ఇసుకలను. అరుదు అని పేరుబడ్డదాన్ని తీసుకెళ్లి ‘టిపికల్’ గుంపులో కలపడం కుదరదు. మన తీరంలో కృష్ణా, గోదావరి డెల్టాలున్నాయి, కోరంగి మడ అడవులున్నాయి, పులికాట్ ఉంది. అవన్నీ ఈ దిబ్బల్లాంటివి కావు.

“అయితే ఏటి రాయమంటారు మేడమ్? మా ఊరి దిబ్బలు దేనికీ ఉదాహరణ కావా?”

అవుతాయి. కోవ మారాలి, అంతే. దిబ్బల్లోకి దిగితే కనపడేదేమిటో చెప్పమన్నాను. వానకు కోసుకుపోయిన లోతైన గండ్లు, నిటారు గోడలు, మధ్యలో మిగిలిపోయిన సన్నటి గట్లు, ఒక గండిలోంచి ఇంకో గండి చీలుతూ చెట్టుకొమ్మల్లా అల్లుకున్న కాలువలు. దాన్ని బ్యాడ్‌లాండ్ టోపోగ్రఫీ అంటారని ఆమే చెప్పింది. ఇంకేం, కోవ దొరికింది. తీరానికి ఉదాహరణ కాదు, బ్యాడ్‌లాండ్‌కి ఉదాహరణ. “ది డ్యూన్స్ ఎట్ ఎర్రమట్టి దిబ్బలు ఎగ్జెంప్లిఫై బ్యాడ్‌లాండ్ టోపోగ్రఫీ ఇన్ కోస్టల్ శాండ్.” తలకిందులైన రెండో వాక్యం కూడా ఇందులోనే కలిసిపోయింది, వానకోత గురించి వేరే చెప్పక్కర్లేకపోయింది.

నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో ఈ రకం జబ్బుకు మందు దాదాపు ఎప్పుడూ ఇదే. క్రియ మార్చడం తర్వాత, ముందు కోవను చిన్నది చేయాలి. ఆంధ్ర తీరం, భారతీయ సంస్కృతి, నేటి యువత, ఇలాంటి పెద్ద కోవలకు ఏదీ సరైన ఉదాహరణ కాదు. కోవ పెద్దదయ్యేకొద్దీ రాసేవాళ్లు నేల విడిచి సాము చేస్తారు.

ఆమెకు పట్టుబడిందో లేదో చూద్దామని ఒక లెక్క ఇచ్చాను. “హుద్‌హుద్ టిపిఫైస్ బే ఆఫ్ బెంగాల్ సైక్లోన్స్” అనొచ్చా? వైజాగ్‌లో ఉన్న ఎవరికైనా 2014 అక్టోబరు 12 గుర్తే. ఆమె అప్పటికి స్కూల్లో ఉంది. కాసేపు ఆలోచించి, “టైమింగ్ వరకు అనొచ్చు,” అంది. రుతుపవనాలు వెనక్కి మళ్లాక అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుపానులు పుట్టడం మామూలే. కాని ఇంత పెద్ద నగరం మీదికే నేరుగా వచ్చి తీరం దాటడం మామూలు కాదు. అందుకని “ఇన్ ఇట్స్ టైమింగ్” అని తోక తగిలించాలంది. సరిగ్గా అదే కావాలి. ఒకే సంగతి ఒక కోణంలో సగటుది, ఇంకో కోణంలో అసాధారణమైనది కావచ్చు. ఏ విషయంలో ఉదాహరణో చెప్పకుండా ఊరుకుంటే చదివేవాడు తనకు తోచింది ఊహించుకుంటాడు.

రికమండేషన్ లెటర్

మధ్యలో ఇదొకటి. మన దగ్గర చాలాచోట్ల గైడు “నువ్వే ఒకటి రాసుకొచ్చెయ్యమ్మా, చూసి సంతకం పెడతాను” అంటారు. మంచి పద్ధతి కాదు గానీ ఉన్నదే. ఆమె రాసుకొచ్చిన లెటర్లో “షీ ఎపిటమైజెస్ సిన్సియారిటీ అండ్ హార్డ్ వర్క్” అని ఉంది. ఇలాంటి వాక్యం చదివి చదివి అడ్మిషన్ కమిటీలకు మొహం మొత్తి ఉంటుంది. పైగా నిజాయితీకి ఈమెకంటే పెద్ద నిదర్శనం లోకంలో లేదన్న అర్థం వస్తుంది. మన సభల్లో ‘మూర్తీభవించిన’, ‘నిలువెత్తు నిదర్శనం’ అనడం అలవాటు కాబట్టి మనకు ఎబ్బెట్టుగా అనిపించదు.

ఈ వాక్యానికి వేరే క్రియ వెతకలేదు, మొత్తం కొట్టేశాం. వానాకాలంలో గండి గోడలు కూలుతున్నా ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి శాంపిల్స్ తెచ్చిందని గైడుకు తెలుసు. ఆ సంగతి రాసి, మిగతా లెటరు గైడునే రాయమని అడగమన్నాను. అడగడానికి ఆమెకు టెన్షన్. అడిగింది. ఆయన రాసిచ్చారు, ఆమె రాసుకున్నదానికంటే పొట్టిగా, మెరుగ్గా.

ఒక్కటైనా ఉండనివ్వండి

ఎస్‌ఓపీలో ఇక ఎపిటమైజ్ ఒక్కటీ మిగల్లేదు. అది ఆమెకు నచ్చలేదు. “అంత మంచి మాట మేడమ్, ఒక్కచోటైనా ఉండనివ్వండి.” మాట మీద మోజు పడటం తప్పేమీ కాదు. తగిన చోటు దొరికితే ఉంచుదామన్నాను.

ఆ మాట చరిత్ర కొంచెం చెప్పాను. గ్రీకులో దాని మూలానికి కోయడం అని అర్థం. ఒక పెద్ద గ్రంథాన్ని కోసి, కుదించి రాసిన సంగ్రహాన్ని ‘ఎపిటమీ’ అనేవారు. రోమన్ చరిత్రకారుడు లివీ రాసింది 142 భాగాలు. వాటిలో చాలావరకు పోయాయి, పోయినవాటిలో ఏముండేదో మనకు తెలిసేది ముఖ్యంగా అలాంటి సంగ్రహాల వల్లే. ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు కూడా ఆ మాటకు అదే అర్థం. సంగ్రహం అన్నది పోనుపోను ‘పెద్దదాన్ని తనలో ఇముడ్చుకున్న చిన్నది’ అయి, అక్కణ్ణుంచి ‘పరిపూర్ణమైన ఉదాహరణ’ అయింది. గొప్పవాటికే వాడాలన్న నియమం లేదు. అవినీతిని, అలసత్వాన్ని ఎపిటమైజ్ చేసేవి కూడా ఉంటాయి. పలకడం దగ్గర మాత్రం జాగ్రత్త. స్పెల్లింగ్ చూసి ‘ఎపిటోమ్’ అంటారు చాలామంది. నామవాచకం ‘ఇపిటమీ’, క్రియ ‘ఇపిటమైజ్’, రెంటిలోనూ ‘పి’ మీద ఒత్తు. ఆమెకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఇది కాస్త ప్రాక్టీసు చేయించాను. చివర్లో ఎస్ వాడాలా, జెడ్ వాడాలా అని అడిగింది. బ్రిటిష్‌లో రెండూ చెల్లుతాయి, అమెరికన్‌లో జెడ్డే. ఒకటి పట్టుకుని చివరిదాకా దాన్నే ఉంచమన్నాను.

“అయితే మేడమ్, మొత్తాన్ని తనలో పెట్టుకున్న చిన్న ముక్క కావాలి. అంతేనా?” అంటూ లాప్‌టాప్ తిప్పి ఒక ఫోటో చూపించింది. దిబ్బల్లో ఒక గండి గోడ. పైన లేతపసుపు ఇసుక, దాని కింద ఇటుకరంగు, ఇంకా కింద గట్టి ఉండలున్న గోధుమఎరుపు పొర, అడుగున మళ్లీ పసుపు. పక్కన కొలత కోసం పెట్టిన సుత్తి.

ఆమె డిసర్టేషన్ చిక్కు అంతా ఆ గోడలోనే ఉందట. ఇసుక రేణువుల మీద ఇనుము ఆక్సైడు పూతలా పట్టడం వల్ల ఎరుపు వచ్చింది. ఆ ఎరుపు ఇసుక పేరుకున్నాక పట్టింది కాబట్టి, రంగు మారినచోటే పొర మారిందని కళ్లు మూసుకుని అనడానికి లేదు. ఈ దిబ్బలను వెనకటి సముద్రమట్టం హెచ్చుతగ్గులతో కలిపి చదువుతారు. అలాంటప్పుడు రంగు గీతను పొర గీత అనుకుంటే లెక్క మొత్తం తారుమారవుతుంది. మాస్టర్స్‌లో ఆమె చదవాలనుకుంటున్నది కూడా ఇదే.

“ఈ గోడ తీరాన్ని ఎపిటమైజ్ చేస్తుంది అని రాయనా?”

వద్దన్నాను. ఒక్క గోడలో తీరమంతా ఇమడదు, మళ్లీ పాత జబ్బే. ఆమె చప్పున పట్టేసింది. “తీరం కాదు, ప్రాబ్లమ్! నా రీసెర్చ్ ప్రాబ్లమ్ మొత్తం ఇందులో ఉంది.”

అదీ వాక్యం. “ఎ సింగిల్ గల్లీ వాల్ ఎపిటమైజెస్ ది ప్రాబ్లమ్ ఐ విష్ టు స్టడీ: ది కలర్ బౌండరీస్ ఆర్ ఈజీ టు సీ, ది డిపాజిషనల్ బౌండరీస్ ఆర్ నాట్.” రంగు గీతలు తేలిగ్గా కనపడతాయి, పొర గీతలు కనపడవు అని. కోలన్ తర్వాత ఉన్న సగమే ఈ వాక్యానికి ప్రాణం. ఎపిటమైజ్ అన్నది పెద్ద మాట, ఆ పెద్ద మాటకు పక్కనే జమానతు ఉండాలి. ఏ రకంగా ఇమిడిందో వెంటనే చూపించకపోతే అది మళ్లీ షీటులోని మాటైపోతుంది. ముందు ‘పర్ఫెక్ట్‌లీ’ అని చేర్చబోయింది, ఆపాను. పరిపూర్ణత ఆ క్రియలోనే ఉంది, ఇంకో వంతు పొయ్యక్కర్లేదు.

ఈ వాక్యం దొరికాక ఎస్‌ఓపీ నడకే మారిపోయింది. అంతకుముందు ఊరు, దిబ్బల అందం, చిన్నప్పటి ఇష్టం అంటూ మొదలయ్యేది. ఇప్పుడు గోడతో మొదలవుతుంది. చిన్నప్పటి ఇష్టం రెండో పేజీకి వెళ్లి, అక్కడ కూడా మూడు లైన్లకు తగ్గింది. ఆమె తండ్రికి ఇది నచ్చలేదని విన్నాను, ఊరి పేరు మొదటి లైన్లో ఉండాలని ఆయన కోరిక. తల్లిదండ్రులు ఎస్‌ఓపీ చదవడం గురించి ఇంకెప్పుడైనా రాస్తాను.

అప్లికేషన్ వేసేముందు డ్రాఫ్టు గైడుకి కూడా చూపించింది. ఆయన మాటల జోలికి పోలేదు. ఆ వాక్యం పక్కన మాత్రం పెన్సిల్‌తో ‘ఏ గోడ?’ అని రాశారట. ఫోటో నంబరు, తీసిన తేదీ, జీపీఎస్ పాయింటు అడిగారు. మొన్నటి వానలకు ఆ గోడలో కొంత కూలిపోయింది కాబట్టి తేదీ తప్పనిసరి అన్నారు. ఆమె మూడూ చేర్చి, ఫోటో పీడీఎఫ్‌ను అప్లికేషన్‌కి జతచేసి పంపింది.